టైమ్‌జోన్‌ని చూసి తేదీ ఫార్మాట్‌ను ఊహించడం: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ ముంచుతుంది

04/05/2025. గుంటూరులో ఉన్న తండ్రికి ఇది మే 4. డాలస్‌లో ఉన్న కొడుకు ఆఫీసులో ఇదే ఏప్రిల్ 5. 25వ తేదీ అయితే గొడవే లేదు, 25వ నెల ఉండదు కాబట్టి ఎవరైనా సరిగ్గానే చదువుకుంటారు. చిక్కంతా 12 లోపు తేదీలతోనే. నెలకి 12 చొప్పున ఏడాదికి అలాంటివి 144. వాటిలో 1/1, 2/2 లాంటి 12 రోజులు ఎటునుంచి చదివినా ఒకటే. అవి తీసేస్తే 132 మిగులుతాయి. అంటే ఏడాదిలో మూడో వంతుకి పైగా రోజుల్లో మీ వెబ్‌సైట్ చూపించే తేదీని తప్పుగా చదివే వీలుంది, పైగా చదివినవాళ్లకి ఎలాంటి అనుమానమూ రాదు.

వెబ్‌సైట్ కట్టేవాళ్లకి ఎదురయ్యే పరిస్థితి ఇది: మనిషి ఇంకా లాగిన్ కాలేదు, సెట్టింగ్ ఏదీ ఎంచుకోలేదు, కానీ తేదీ చూపించాలి. చేతిలో ఉన్నవి రెండే, బ్రౌజర్ భాష, కంప్యూటర్ టైమ్‌జోన్. టైమ్‌జోన్‌ని బట్టి ఫార్మాట్ ఊహించవచ్చా? ఊహించవచ్చు, కానీ ఒకే ఒక్క చోట. ఆ కంప్యూటర్ ఎక్కడుందో టైమ్‌జోన్ చెబుతుంది. దాని ముందు కూర్చున్న మనిషి తేదీ ఎలా రాస్తాడో చెప్పదు. ఈ తేడా మర్చిపోయి రాసిన కోడ్ వల్లే ఇబ్బందులన్నీ.

ముందు: ఊహించే అవసరం ఉందా?

మీరు రాసేది బ్రౌజర్‌లో కాకుండా నేరుగా కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో నడిచే యాప్ అయితే ఊహాగానాలు వద్దు, సిస్టమ్‌నే అడగండి. విండోస్‌లో రీజియన్ సెట్టింగ్స్ కింద షార్ట్ డేట్ అని ఒకటి ఉంటుంది. యూజర్ దాన్ని తన ఇష్టానికి మార్చుకుని ఉంటే ఆ మార్పుతో సహా ప్రోగ్రామ్‌కి అందుతుంది. ఆండ్రాయిడ్, ఐఓఎస్‌లలో తేదీని ఫార్మాట్ చేసే తయారు క్లాసులు ఉన్నాయి, అవి ఫోన్ సెట్టింగ్‌ని పాటిస్తాయి. లినక్స్‌లో ఎల్‌సీ_టైమ్ అనే వేరియబుల్ ఉంది. భాష ఇంగ్లీషే ఉంచుకుని తేదీలు మాత్రం వేరే దేశం పద్ధతిలో కావాలనుకునేవాళ్ల కోసమే అది. ఇవన్నీ ఉండగా టైమ్‌జోన్ జోలికి పోవడం ఇంట్లో మనిషిని వదిలేసి పక్కింటివాళ్లని వాకబు చేసినట్టే.

ఇక మిగిలింది బ్రౌజర్. సిస్టమ్‌లో ఉన్న షార్ట్ డేట్ సెట్టింగ్‌ని చదివే దారి వెబ్ పేజీకి లేదు. మిగతా వ్యాసమంతా ఈ ఒక్క సందర్భం కోసమే.

బ్రౌజర్ భాష చెప్పేది ఎంతవరకు నిజం?

జావాస్క్రిప్ట్‌లో నావిగేటర్ ఆబ్జెక్ట్‌ని అడిగితే యూజర్ కోరుకున్న భాషల వరుస ఇస్తుంది. సర్వర్‌కి కూడా యాక్సెప్ట్-లాంగ్వేజ్ హెడర్‌లో ఇదే వెళ్తుంది. ఇంగ్లీష్-ఇండియా, తెలుగు-ఇండియా, జర్మన్-జర్మనీ ఇలా భాషా దేశమూ జంటగా ఉంటే మీ పని దాదాపు అయిపోయినట్టే. ఏ జంటకి రోజు, నెల, సంవత్సరం ఏ వరుసలో రాయాలో యూనికోడ్ వాళ్ల సీఎల్‌డీఆర్ డేటాలో ఉంది, బ్రౌజర్‌లో తేదీలు రాసిచ్చే ఇంటిల్ (Intl) లైబ్రరీ దాన్నే వాడుతుంది.

గొడవ ఎక్కడొస్తుందంటే ఇంగ్లీష్-అమెరికా దగ్గర. మన దగ్గర కొన్న ల్యాప్‌టాప్‌ని తెరిచి చూడండి. చాలావాటిలో విండోస్ భాష, క్రోమ్ భాష రెండూ ఇంగ్లీష్ (యునైటెడ్ స్టేట్స్) అనే ఉంటాయి. ఎవరూ ఏరికోరి పెట్టుకున్నది కాదు, మొదట్లో ఏది ఉంటే అదే ఉండిపోయింది. రీజియన్ మాత్రం ఇండియా అని ఉంటుంది. ఫలితం ఎలా ఉంటుందంటే, స్క్రీన్ కింద కుడి మూల గడియారం పక్కన 04-05-2025 అని కనిపిస్తుంది, అదే స్క్రీన్ మధ్యలో తెరిచి ఉన్న వెబ్ పేజీలో 5/4/2025 అని ఉంటుంది. రెండూ మే 4వ తేదీయే. క్రోమ్ తన మెనూల భాషని బట్టి లొకేల్‌ని (పైన చెప్పిన భాష, దేశం జంటని) నిర్ణయిస్తుంది కాబట్టి రీజియన్ సెట్టింగ్ సంగతి పేజీదాకా రాదు.

అందుకే ఇంగ్లీష్-అమెరికా అని వస్తే అది రెండిట్లో ఏదైనా కావచ్చు: నిజంగా అమెరికా పద్ధతి కావాలనుకునే మనిషి, లేదా సెట్టింగ్ ఎప్పుడూ ముట్టుకోని మనిషి. ఈ ఇద్దరినీ విడదీయడానికే టైమ్‌జోన్ కావాలి. ఇంగ్లీష్ అని మాత్రమే ఉండి దేశం లేకపోయినా ఇదే పరిస్థితి, ఎందుకంటే ఒట్టి ఇంగ్లీష్‌కి సీఎల్‌డీఆర్ ఇచ్చేది అమెరికా వరుసే.

జోన్ పేరు తీసుకోండి, గంటల తేడా కాదు

టైమ్‌జోన్ తెలుసుకోవడానికి జావాస్క్రిప్ట్‌లో రెండు దారులున్నాయి. పాత దారి గెట్‌టైమ్‌జోన్‌ఆఫ్‌సెట్. ఇది యూటీసీకి, అంటే ప్రపంచమంతా ఆధారంగా తీసుకునే సమయానికి, ఎన్ని నిమిషాల తేడానో ఇస్తుంది. ఇండియాలో మైనస్ 330 వస్తుంది. (మనం యూటీసీకి ఐదున్నర గంటలు ముందున్నా గుర్తు మాత్రం మైనస్సే. ఈ ఫంక్షన్ గుర్తుని తిరగేసి ఇస్తుంది, తెలియకపోతే అరపూట పోతుంది.)

ఈ నిమిషాల లెక్క మన పనికి ఎందుకూ కొరగాదు. యూటీసీకి 8 గంటలు ముందున్న చోట్లు తీసుకోండి: చైనాలో సంవత్సరం ముందు రాస్తారు, సింగపూర్‌లో రోజు ముందు, ఫిలిప్పీన్స్‌లో నెల ముందు రాయడం మామూలు. ఒకే ఆఫ్‌సెట్‌లో మూడు పద్ధతులు. చలికాలంలో న్యూయార్క్ యూటీసీకి 5 గంటలు వెనక ఉంటుంది, పెరూలోని లిమా ఏడాది పొడవునా అంతే ఉంటుంది. మన ఐదున్నర గంటలు కూడా మన ఒక్కరివే కాదు, శ్రీలంకవీ అవే. పొట్టిపేర్లు అంతకంటే అన్యాయం. ఐఎస్‌టీ అంటే ఇండియా కావచ్చు, ఇజ్రాయెల్ కావచ్చు, ఐర్లాండ్ కావచ్చు. సీఎస్‌టీ అంటే చికాగో వైపు సమయమూ, చైనా సమయమూ.

రెండో దారి, సరైన దారి: ఇంటిల్‌లోని డేట్‌టైమ్‌ఫార్మాట్‌ని పిలిచి, దాని రిజాల్వ్డ్‌ఆప్షన్స్‌లో టైమ్‌జోన్ అనే విలువని చదవడం. అది ఏషియా/కోల్‌కతా, అమెరికా/చికాగో లాంటి పేరు ఇస్తుంది. ఈ పేర్లు ఐఏఎన్ఏ అనే ఇంటర్నెట్ సంస్థ నిర్వహించే టైమ్‌జోన్ డేటాబేస్‌వి. లినక్స్‌లో అయితే ఈటీసీ ఫోల్డర్‌లోని లోకల్‌టైమ్ అనే లింక్ ఎటు చూపిస్తుందో చూస్తే ఇదే పేరు దొరుకుతుంది.

విండోస్ తనదైన పేర్లు వాడుతుంది. ఇండియా స్టాండర్డ్ టైమ్, ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్ అంటుంది. బ్రౌజర్లు వాటిని మార్చే ఇస్తాయి కాబట్టి పేజీ రాసేవాళ్లకి దాంతో పనిలేదు. సర్వర్ వైపో డెస్క్‌టాప్ వైపో విండోస్ పేరే చేతికొస్తే మాత్రం సీఎల్‌డీఆర్‌లో మార్పిడి పట్టిక ఉంది. ఒక మాట గుర్తుంచుకోండి: ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్ కింద న్యూయార్కూ ఉంది, టొరంటోకూడా ఉంది. ఆ పేరుని బట్టి దేశం తేల్చలేరు.

పేరు నుంచి దేశానికి

ఇక్కడ చాలామంది తొందరపడతారు. పేరు అమెరికా/ అని మొదలైతే యూఎస్ పద్ధతి అని ఒక్క లైన్‌లో రాసేస్తారు. ఈ అమెరికా అంటే ఖండాలు, దేశం కాదు. అమెరికా/సావో పాలో బ్రెజిల్, అమెరికా/బొగోటా కొలంబియా, అమెరికా/మెక్సికో సిటీ మెక్సికో. వీళ్లంతా రోజునే ముందు రాస్తారు. మరోవైపు హవాయి యూఎస్ రాష్ట్రమే అయినా దాని జోన్ పేరు పసిఫిక్/హోనొలులు. ఒక్క లైన్ కోడ్ రెండు వైపులా తప్పింది.

సరైన పని డేటాబేస్‌తో పాటు వచ్చే జోన్ డాట్ ట్యాబ్ అనే ఫైల్‌ని వాడటం. ఒక్కో వరుసలో దేశం కోడ్, అక్షాంశ రేఖాంశాలు, జోన్ పేరు ఉంటాయి. యూఎస్ కోడ్‌తో 29 వరుసలు ఉన్నాయి, ఒక్క ఇండియానా రాష్ట్రానికే 8. ఇండియాకి ఒకటే వరుస.

ఆ ఫోల్డర్‌లోనే జోన్1970 డాట్ ట్యాబ్ అని ఇంకొకటి ఉంటుంది, పేరు చూస్తే కొత్తదిలా కనిపిస్తుంది. మన పనికి అది వద్దు. 1970 తర్వాత గడియారాలు ఒకేలా నడిచిన చోట్లన్నిటినీ అది ఒకే వరుసలో కలిపేస్తుంది. సమయం లెక్కకి అది సబబే, తేదీ రాసే అలవాటుకి కాదు. 2022లో వచ్చిన ఈ డేటాబేస్ 2022బీ విడుదలలో యూరప్/స్టాక్‌హోమ్‌ని యూరప్/బెర్లిన్‌కి లింకుగా, అంటే ఇంకో పేరుగా, మార్చారు. రెండు ఊళ్లలోనూ గడియారం ఒకటే, కానీ స్వీడన్ వాళ్లకి 2025-05-04 అలవాటు, జర్మనీ వాళ్లకి 04.05.2025. మీ లైబ్రరీ సాయం చేస్తున్నాననుకుని స్టాక్‌హోమ్‌ని బెర్లిన్ చేసి ఇస్తే స్వీడన్ మాయమైపోయినట్టే. కువైట్ కూడా అంతే, ఏషియా/కువైట్ అనేది ఏషియా/రియాద్‌కి లింకు. అక్కడ రెండు దేశాల్లోనూ రోజే ముందు కాబట్టి ప్రమాదం లేదు, అంతే.

కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి. వచ్చిన పేరుని ఉన్నదున్నట్టుగా జోన్ డాట్ ట్యాబ్‌లో వెతకండి. దొరికితే అదే దేశం. దొరకకపోతేనే బ్యాక్‌వర్డ్ అనే ఫైల్‌లో ఉన్న పాత పేర్ల జాబితా చూసి కొత్త పేరు తెచ్చుకుని మళ్లీ వెతకండి. ఈ రెండో అడుగు మనవాళ్లకి తప్పనిసరి. కలకత్తా పేరు 2001లోనే కోల్‌కతా అయినా, క్రోమ్ లాంటి బ్రౌజర్లు ఏషియా/కలకత్తా అనే ఇస్తూ వచ్చాయి. జోన్ డాట్ ట్యాబ్‌లో కలకత్తా లేదు, కోల్‌కతాయే ఉంది. వచ్చిన పేరు ఒక్కటే చూసి వదిలేసే కోడ్‌లో దేశం మొత్తం గల్లంతవుతుంది. యూఎస్/ఈస్టర్న్ లాంటి పాత పేర్లదీ ఇదే కథ.

యూటీసీ అని వస్తే? దేశం తెలియదు అని రాసుకోండి, ఊహించకండి.  క్లౌడ్‌లో నడిచే యంత్రాలు మామూలుగా యూటీసీలోనే ఉంటాయి. వీపీఎన్ వేరే సంగతి, అది ఐపీ అడ్రస్‌ని మారుస్తుంది గానీ కంప్యూటర్ టైమ్‌జోన్‌ని ముట్టుకోదు. ఐపీని బట్టి దేశం తేల్చడం కంటే టైమ్‌జోన్‌ని నమ్మడమే మేలని నేను అనడానికి అదీ ఒక కారణం.

దేశం నుంచి వరుసకి

పెద్ద పట్టిక అక్కర్లేదు. నెల ముందు: యూఎస్, దాని అధీనంలోని ప్యూర్టోరికో, గువామ్ లాంటివి. సంవత్సరం ముందు: చైనా, తైవాన్, జపాన్, రెండు కొరియాలు, మంగోలియా, హంగరీ, లిథువేనియా, స్వీడన్. అనుమానం: కెనడా, ఫిలిప్పీన్స్, దక్షిణాఫ్రికా, శ్రీలంక. మిగతా ప్రపంచంలో దాదాపు అంతటా రోజు ముందు, ఇండియా అందులోనే.

అనుమానం గుంపుని తేలిగ్గా తీసుకోకండి. కెనడాలో మూడు పద్ధతులూ చెలామణిలో ఉన్నాయి. టొరంటో పక్క బ్రాంప్టన్‌లో ఉండే మనవాళ్లని అడిగితే, ఒక్కో కాగితం మీద ఒక్కో రకం చూశామని వాళ్లే చెబుతారు. అలాంటి చోట అంకెలతో ఊహించే పని పెట్టుకోకుండా నెలని అక్షరాల్లో రాసేయండి.

భాషనీ దేశాన్నీ అతికించి కొత్త లొకేల్ తయారుచేసి ఇంటిల్‌కి ఇచ్చేద్దామని అనిపిస్తుంది. ఇంగ్లీష్ ప్లస్ ఇండియా అయితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆ జంట డేటాలో ఉంది. డేటాలో లేని జంటని అడిగితే ఇంటిల్ ఎర్రర్ ఇవ్వదు, చప్పుడు లేకుండా ఒట్టి ఇంగ్లీష్‌కి జారుతుంది. ఒట్టి ఇంగ్లీష్ అంటే మళ్లీ అమెరికా వరుస, ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే. లొకేల్ కట్టాక రిజాల్వ్డ్‌ఆప్షన్స్‌లో లొకేల్ ఏమని వచ్చిందో చూసి, మీరు అడిగిన దేశం అందులో లేకపోతే దాన్ని పక్కనపెట్టి మీ చిన్న పట్టికనే నమ్ముకోండి. క్యాలెండర్ కూడా గ్రెగోరియన్ అని మీరే చెప్పండి. థాయ్-థాయ్‌లాండ్ లొకేల్‌లో బౌద్ధ శకం వస్తుంది, 2025 కాస్తా 2568 అవుతుంది. పర్షియన్-ఇరాన్ అయితే క్యాలెండరే వేరు.

ఎవరి మాట నెగ్గాలి

యూజర్ స్వయంగా ఎంచుకున్నది ఉంటే దానిదే మాట. అది లేనప్పుడు బ్రౌజర్ భాషలో అమెరికా కాని దేశం ఉంటే దాన్ని నమ్మండి. ఇంగ్లీష్-ఇండియా అని ఎవరైనా పెట్టుకున్నారంటే ఎంతోకొంత కోరి పెట్టుకున్నట్టే. భాష ఇంగ్లీష్-అమెరికా అయినా, ఒట్టి ఇంగ్లీష్ అయినా అప్పుడు టైమ్‌జోన్‌ని పిలవండి. జోన్ కూడా యూఎస్ అయితే నెల ముందు. జోన్ ఇండియా అయితే రోజు ముందు. జోన్ అనుమానం గుంపులో ఉన్నా, తెలియకపోయినా నెల అక్షరాల్లో.

ఇంగ్లీష్-అమెరికా భాష, ఏషియా/కోల్‌కతా జోన్ ఉన్న మనిషి నిజంగా హైదరాబాద్‌కి పని మీద వచ్చిన అమెరికన్ కావచ్చు కదా? కావచ్చు. అలాంటివాళ్లు సెట్టింగ్ మార్చని మనవాళ్లతో పోలిస్తే ఎంతమంది? నేను మనవాళ్ల వైపే మొగ్గుతాను, ఆ అమెరికన్ కోసం సెట్టింగ్‌లో ఒక దారి ఉంచుతాను.

తెలుగు-ఇండియా భాష, అమెరికా/చికాగో జోన్ ఉంటే? భాష మాటే నెగ్గాలి, రోజే ముందు. కాకపోతే ఆ మనిషికి కరెంటు బిల్లు, డాక్టర్ అపాయింట్‌మెంట్, పిల్లల స్కూలు కాగితాలు అన్నీ నెల ముందు పెట్టి వస్తుంటాయి. రోజూ రెండు రకాలు చూసే కంటికి 04/05 చూస్తే ఆగి ఆలోచించాల్సిన టెన్షన్ తప్పదు. ప్రవాసులు ఎక్కువగా వాడే సైట్ అయితే నేను లెక్కలన్నీ పక్కనపెట్టి అందరికీ 4 మే 2025 అనే చూపిస్తాను. పట్టికల్లో చోటు చాలనప్పుడే అంకెలు.

ఒకసారి ఊహించి, దాచేయండి

హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్ వెళ్లే మనిషి ఫోన్ దారిలో మూడు జోన్లు మారుతుంది: ఏషియా/కోల్‌కతా, ఏషియా/ఖతార్, అమెరికా/చికాగో. భాష మాత్రం ఇంగ్లీష్-అమెరికా అనే ఉంది అనుకుందాం. పేజీ తెరిచిన ప్రతిసారీ ఊహించే కోడ్ అయితే శంషాబాద్‌లో 05/06/2025 అని కనిపించిన జూన్ 5 తిరుగు టికెట్, డాలస్‌లో దిగాక 06/05/2025 అవుతుంది. సమయం మారడం న్యాయమే, మనిషి చోటు మారాడు. తేదీ రాసే అలవాటు విమానంలో మారదు. మొదటిసారి ఊహించిన వరుసని కుకీలోనో ఖాతాలోనో దాచి, ఆ తర్వాత యూజర్ చెప్తేనే మార్చండి. టైమ్‌జోన్‌ని మాత్రం ఎప్పటికప్పుడు కొత్తగా చదవండి. ఈ రెండూ ఒకే ఫీల్డ్‌లో ఉండకూడదు.

ఈ దాచడం వల్ల ఇంకో లాభం ఉంది. హెచ్‌టీటీపీలో బ్రౌజర్ తన టైమ్‌జోన్‌ని చెప్పే హెడర్ లేదు. అందుకే మొదటిసారి పేజీని తయారుచేసేటప్పుడు సర్వర్‌కి జోన్ తెలియదు. సర్వర్ ఒక రకంగా, బ్రౌజర్ ఇంకో రకంగా రాస్తే తేదీ కళ్లముందే తిరగబడుతుంది. మొదటి పేజీలో నెలని అక్షరాల్లో పంపండి, కుకీ వచ్చాక అంకెలకి వెళ్లండి.

చదవడానికి మాత్రం ఈ ఊహ వద్దు

ఇప్పటిదాకా చెప్పిందంతా చూపించడానికి. యూజర్ టైప్ చేసిన 04/05/2025ని అర్థం చేసుకోవడానికి ఇదే ఊహని వాడితే, తప్పు తేదీ డేటాబేస్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, తర్వాత దాన్ని పట్టుకునే మార్గం ఉండదు. ఇన్‌పుట్‌కి బ్రౌజర్‌లో ఉన్న డేట్ రకం ఫీల్డ్ వాడండి. యూజర్‌కి ఎలా కనిపించినా మీకు వచ్చే విలువ ఎప్పుడూ 2025-05-04 రూపంలోనే ఉంటుంది. నిల్వ చేసేదీ ఆ ఐఎస్ఓ 8601 రూపంలోనే.

అక్కడా ఒక గుంట ఉంది. 2025-05-04 అనే స్ట్రింగ్‌ని నేరుగా జావాస్క్రిప్ట్ డేట్‌కి ఇస్తే దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. యూటీసీకి వెనకున్న అమెరికాలో అప్పటికి ఇంకా మే 3 సాయంత్రమే, కాబట్టి పుట్టినరోజు ఒక రోజు వెనక్కి జరుగుతుంది. ఇండియాలో ఆ సమయం తెల్లవారి ఐదున్నర, తేదీ సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి ఇక్కడ టెస్ట్ చేసేవాళ్లకి ఈ లోపం కంటబడదు. పుట్టినరోజు, గడువు తేదీ లాంటి వాటికి సమయంతో పనిలేదు. వాటిని మూడు అంకెలుగా విడగొట్టి అలాగే చూపించండి, టైమ్‌జోన్ దగ్గరికే రానివ్వకండి.

టెస్ట్ చేయడం

ఏ నెలలోనైనా 12 దాటాక టెస్ట్ చేస్తే తిరగబడిన తేదీ ఇట్టే దొరుకుతుంది, కానీ 5/5 లాంటి రోజున ఏదీ దొరకదు. అందుకే నేటి తేదీని నమ్ముకోకుండా మార్చి 4 లాంటిదాన్ని కోడ్‌లోనే పెట్టండి. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో సెన్సర్స్ అనే ప్యానెల్ ఉంది, అక్కడ ఊరు మారిస్తే బ్రౌజర్ టైమ్‌జోన్ మారుతుంది. నోడ్‌లో (బ్రౌజర్ లేకుండా జావాస్క్రిప్ట్‌ని నడిపేదాంట్లో) నడిపే టెస్ట్‌లకి టీజెడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మారిస్తే చాలు. కనీసం ఈ జంటలు చూడండి: ఇంగ్లీష్-అమెరికాతో కలకత్తా, కోల్‌కతా రెండు పేర్లూ, ఇంగ్లీష్-అమెరికాతో చికాగో, హోనొలులు, బొగోటా, టొరంటో, తెలుగు-ఇండియాతో న్యూయార్క్, ఏ భాషైనా సరే యూటీసీతో.

చివరిగా సెట్టింగ్ పేజీ. అక్కడ డీడీ/ఎంఎం/వైవైవైవై లాంటి కోడ్ భాష పెట్టకండి, ఇంట్లో పెద్దవాళ్లకి అది అర్థం కాదు. నిజమైన తేదీలనే ఎంపికలుగా చూపించండి: 31/12/2025, 12/31/2025, 2025-12-31, 31 డిసెంబర్ 2025. డిసెంబర్ 31ని ఎంచుకున్నది ఊరికే కాదు, ఏది రోజో ఏది నెలో దాంట్లో ఎవరికీ సందేహం రాదు. మీరు ఊహించినదాన్ని ముందే టిక్ పెట్టి ఉంచండి.